శీర్షికాక్షరముల చరిత్ర – చేబ్రోలి శాసనమునుండి గుంటూరు ఖతి వఱకు

2019వ సంవత్సరమున గుంటూరు జిల్లా చేబ్రోలిలో భీమేశ్వరాలయమును బాగుచేయుచుండఁగా శాసనము చెక్కిన రాతిస్తంభ మొకటి బయల్పడినది. పురావస్తుశాఖలోని శాసనపరిశోధకులు దానిని చదివి, అది శాతవాహనరాజగు విజయుని యయిదవ పాలనవత్సరము నాఁటిదనియు, క్రీ. శ. 207వ సంవత్సరమునకు సరిపోవుననియు నిర్ణయించిరి. భాష సంస్కృతము, లిపి బ్రాహ్మి. కార్తికుఁడను నతఁడు రాజునకుఁ బుణ్యముగా, తాంబ్రాపె యను నూర భగవతి శక్తిమాతృక యాలయమున ప్రాసాదమును మండపమును గట్టించి, దక్షిణపువైపున విగ్రహములను నిలిపెనని యందుఁ జెప్పఁబడినది. దక్షిణదేశమున దొరకిన కాలనిర్ణయముగల సంస్కృతశాసనములలో నిదియే మిక్కిలి పాతదని వారు ప్రకటించిరి. తాంబ్రాపె యనఁగా నేఁటి చేబ్రోలే. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయపుఁడు 1213లో ఇచ్చట వేయించిన శాసనమున నీ యూరు తామ్రపురియైనది. తామ్రమనఁగా రాగి, చెంబు అను మాటకును పూర్వము రాగి యనియే యర్థము. పదవ శతాబ్దమునాఁటి యుద్ధమల్లుని బెజవాడ శాసనమున, తెలుఁగుపద్యములలో, చేబ్రోలి కుమారస్వామి ప్రసక్తియుఁ గలదు.

చరిత్రకారులు రాజును, దేవతను, తేదీని జూచి తృప్తి పొందుదురు. వారి పని వారు చేసిరి. నాకు మాత్ర మా రాతిమీఁది యక్షరముల రూపమే యెక్కువ ప్రీతికరము. దూరమునుండి పోవువానిని నిలిపి చదివింపవలెనన్న కోరికతోఁ జెక్కిన యక్షరము, ఇంటిలోఁ గూర్చుండి చదువుకొను పుస్తకములోని యక్షరము, ఒకటి కావు. మొదటిదానిని మనము నేఁడు శీర్షికాక్షరమందుము. వార్తాపత్రికల తలకట్టులందు, దుకాణపుఁ బలకలమీఁద, శుభలేఖలమీఁద, మందుసీసాల చీటీలమీఁద నేఁడు కానవచ్చు నట్టి యక్షరములలో నొకరకము విశేషముగాఁ బ్రబలియున్నది. అది లావుగా నుండును, కుడివైపునకు వాలియుండును, గీఁత లన్నియు నొకే మందము గలిగి, కొనలయందే యలంకారమును లేక యుండును. ఆంగ్లమున బోల్డ్ ఇటాలిక్ సాన్‌సెరిఫ్ అను పేరుగల జాతి యిదియే. ఈ రూపము తెలుఁగునకు నప్పునా, నప్పనిచోఁ జదువరికిఁ గలుగు నష్టమేమి యనునదియే యిచ్చటి విచారము.

ఈ మూఁడు గుణములును ఐరోపాలో మూఁడు వేఱువేఱు కాలములందు వేఱువేఱు కారణములచేతఁ బుట్టినవి. వాలక్షరము అన్నిటికంటెఁ బెద్దది. 1501లో వెనీసు నగరమున ఆల్డస్ మనూషియస్ అను ముద్రాపకుఁడు వర్జిలు కావ్యములను చేతఁబట్టుకొని తిరుగఁదగిన చిన్నపుస్తకముగా నచ్చువేసెను. దానికిఁ గావలసిన యిఱుకైన యక్షరములను ఫ్రాంచెస్కో గ్రిఫో అను లోహశిల్పి చెక్కియిచ్చెను. అప్పటి విద్వాంసులు త్వరత్వరగా వ్రాసికొను చేవ్రాఁతయే వానికి మాతృక. విచిత్రమేమనఁగా పెద్దయక్షరములు మాత్రము నిటారుగనే యుండెడివి. పుస్తక మంతయు నా యక్షరములతోనే కూర్చెడివారు. ఒక మాటను నొక్కిచెప్పుటకు వాలక్షరమును వాడు నాచారము తరువాతిది.

లావక్షరము వ్యాపారము పెట్టిన బిడ్డ. పందొమ్మిదవ శతాబ్దారంభమున లండనునగరపు గోడలు లాటరీ ప్రకటనలతోను, వేలముపాట ప్రకటనలతోను నిండిపోయెను. ఒకనికంటె నొకఁడు పెద్దకేక వేయవలసివచ్చినప్పుడు అక్షరములును బలిసినవి. 1845లో రాబర్టు బెస్లీ అనునతఁడు క్లారెండన్ అను పేర నొక లావక్షరమును బయలుదేర్చి, మామూలు అక్షరముల నడుమ నొకమాటను గొట్టవచ్చినట్లు చూపుటకు వీలు కలిగించెను. నిఘంటువులలో శీర్షికాపదములు లావుగా నుండుట నాఁటినుండి వాడుక యయ్యెను. ఇఁక గీఁతల చివర సెరిఫులనఁబడు చిన్నపాదములు లేని యక్షరము 1816లో, నాలవ విలియం కాస్లన్ ప్రకటించిన నమూనాపుస్తకమున, ఒకే యొక పంక్తిగాఁ గానవచ్చుచున్నది. అదియును పెద్దయక్షరములు మాత్రమే. విన్సెంటు ఫిగ్గిన్స్ 1832లో దానికి సాన్‌సెరిఫ్ అను పేరు పెట్టెను. మఱికొందఱు దానిని వికృతాక్షరమను నర్థమిచ్చు గ్రొటెస్క్ అను పేరఁ బిలిచిరి. నేఁడు లోకమంతయు సౌష్ఠవమునకు మేలుబంతిగా నెంచు రూపమునకు మొదట దొరకిన బిరుదు అది!

పాశ్చాత్యు లిట్లు పందొమ్మిదవ శతాబ్దమునఁ గనిపెట్టిన పాదములేని యక్షరము మన కృష్ణాతీరమున రెండువేల యేండ్లకు ముందే యున్నది. తెనాలికిని రేపల్లెకును నడుమనున్న భట్టిప్రోలిలో 1892లో అలెగ్జాండరు రే అను పురావస్తుశాఖాధికారి స్తూపమును త్రవ్వించి, శాసనములుగల ధాతుపేటికలను వెలికిఁ దీసెను. వానిమీఁది బ్రాహ్మి గీఁతలు మొదటినుండి తుదివఱకు నొకే మందము గలవి. తలయుఁ బాదమును లేనివి. అశోకుని శాసనములందలి యక్షరము లట్టివే. పిమ్మట నైదాఱువందల యేండ్లలో శిల్పులకు శీర్షికాక్షరముపై మోజు కలిగినది. జగ్గయ్యపేట స్తూపముకడ ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని యిరువదవ యేట వేయించిన ప్రాకృతశాసనమును జూచినవారికి నేను చెప్పునది తెలియును. ఆ యక్షరముల నిలువుగీఁతలు లతలవలె సాగి, పైకిని క్రిందికిని వంపులు తిరిగియుండును. ఆయకస్తంభములను దానమిచ్చినవాఁడు సిద్ధార్థుఁడను నొక శిల్పి. కొలిచి చూచినచో నక్షరపు గర్భముకంటెఁ దోఁకయే పొడవు. చదువుటకు వేగము తగ్గిననుఁ గంటికిఁ బండువే. మాటలు కొన్ని, చూచువారు భక్తులు, తొందర యెవ్వరికిని లేదు. శీర్షికాక్షరమునకు స్వేచ్ఛ యుండవలె ననుటకు నాకంటె ముందే ఆ సిద్ధార్థుఁడు సాక్ష్యమిచ్చియున్నాఁడు.

తెలుఁగక్షరమున సెరిఫునకు సరియగు నంగమేది? తలకట్టు. దీని పుట్టుకనుగూర్చి రెండభిప్రాయములు వినవచ్చును. భట్టిప్రోలి లిపిలో హల్లుమీఁది అకారమునకుఁ బ్రత్యేకముగ నొక గుఱుతు గలదు. తలకట్టు దానినుండియే వచ్చెనని కొందఱి యూహ. ఆ గుఱుతు తరువాతి శాసనములలోఁ గొనసాగక పోవుటచేత నే నీ యూహను నమ్మఁజాలను. కలముతో వ్రాయువాఁడు గీఁత మొదలుపెట్టునప్పు డొక్క క్షణము ఆఁగును. ఆ యాఁగినచోట చిన్న తల యేర్పడును. శిల్పి దానినిఁ జూచి రాతిమీఁదఁ జెక్కును. వేంగీ చాళుక్యుల కాలమునకు నది ప్రతి హల్లునకు శిరోభూషణమైనది. కాకతీయుల కాలము దాఁటునప్పటికి రెక్కవిప్పినట్లు కుడివైపునకు లేచి నేఁటి తలకట్టైనది. అనఁగాఁ బుట్టుకచేత నిదియును సెరిఫే.

కాని యింగ్లీషు సెరిఫు చివరివఱకు నలంకారముగనే మిగిలినది. దానిని గోసివేసినను అక్షరమునకు హాని లేదు. మన తలకట్టు వ్యాకరణములోనికిఁ బ్రవేశించినది. గుడి వచ్చినచోఁ దలకట్టు పోవును. ఏత్వము వచ్చినచోఁ బోవును. కొమ్ము వచ్చినచో నుండును. ఖ, జ, ట, ణ, బ, ల, ఱ మొదలగు కొన్నింటికి నది పుట్టుకతోనే లేదు. చదువరి కన్ను తన కెఱుక లేకయే యీ ఉనికిలేములను లెక్కించుచుండును. అందుచేతఁ దెలుఁగున సాన్‌సెరిఫ్ అని నేఁడు పేరు వహించిన ఖతులు నిజముగాఁ దలకట్టు లేనివి కావు. గీఁత మందము సమముగా నుంచినవి మాత్రమే. సమమైన గీఁత మనకుఁ గ్రొత్త కాదు. తాటాకుమీఁద గంటముతో గీచి, మసిపూసి తుడిచిన యక్షరమున లావుసన్నములు పుట్టుటకుఁ దావు లేదు. మన తాతముత్తాతల భారత భాగవతము లన్నియు నట్టి సన్నని సమరేఖలతో వ్రాయఁబడినవే. వింత యేమనఁగా, నీ యూరి పేరగు ‘చేబ్రోలు’ అను మాటలో నొక్క తలకట్టును లేదు. చకారపుఁ దలకట్టును ఏత్వము మ్రింగినది. బకారమునకును లకారమునకును మొదలే లేదు. గుంటూరు అను మాటలోనైన రెండు గలవు.

అచ్చు వచ్చిన తరువాత మన లిపికిఁ గలిగిన యిబ్బంది రూపమునకంటె సంఖ్యకు సంబంధించినది. తెలుఁగు పుస్తకములు మొట్టమొదట జర్మనీదేశమున హాలె నగరమందు, షుల్జ్ అను మతబోధకుని పూనికచేత, 1746-47 ప్రాంతమున నచ్చుపడెను. బంగాళమునందలి శ్రీరామపురపు అచ్చుకూటములోఁ గేరీ దొర పోతపోయించిన తెలుఁగు టైపులు 1812 మార్చి నెల యగ్నిప్రమాదమునఁ గరఁగిపోఁగా మరలఁ బోయింపవలసివచ్చెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు చెన్నపట్టణమున నచ్చుకూటము నెలకొల్పునప్పటికి దేశీయుల చేతులకుఁ బని వచ్చెను. ఇంగ్లీషునకు వాలక్షరపు జట్టు వేఱుగాఁ గావలెనన్న నిరువదియాఱు చిన్నయక్షరములు, నిరువదియాఱు పెద్దవి, కొన్ని చిహ్నములు పోఁతపోసినఁ జాలును. తెలుఁగునకు గుణింతములు, వత్తులు, వానికి వలసిన తునుకలు చేరి టైపుల సంఖ్య కొన్నివందలగును. కంపోజిటరు ముందఱి గూళ్లపెట్టె యొక గోడయంత యుండును. లావునకొక జట్టు, వాలునకొక జట్టు, లావును వాలును గలదానికి మఱియొక జట్టు పోయించుట కే యచ్చుకూటమువాఁడు శక్తుఁడు? కనుక మన ముద్రాపకులు శీర్షికకుఁ బెద్దటైపును వాడిరి. అంతకు మించినది కావలెనన్నఁ జిత్రకారునిచేత వ్రాయించి బ్లాకు చేయించిరి. వాలక్షరము లేకపోవుట రసజ్ఞత యనుకొనరాదు. అది బీదతనము. అయినను ఆ బీదతనము మన కొక మేలు చేసినది: శీర్షిక మనుష్యునిచేత వ్రాయఁబడినది. సినిమా ప్రకటనలమీఁదను, కథలపుస్తకముల యట్టలమీఁదను బాపు, ఈశ్వర్ మున్నగువారు వ్రాసిన యక్షరములు వాలినచో నా వాలు చేతినుండి వచ్చినది. లావైనచో నెచ్చటఁ దగ్గవలెనో యచ్చటఁ దగ్గినది.

యంత్రము వచ్చి యీ స్థితి మాఱినది. గణకయంత్రముపై నక్షరములు కూర్చుట సాధారణమైన పిమ్మట, ప్రత్యేకముగ లావు, వాలు రూపములు చెక్కని ఖతులకుఁగూడ నవి మీట నొక్కినంత దొరకసాగెను. ఖతిలో లేని రూపమును యంత్రము తానే కల్పించును. లావు కావలెనన్న గీఁతచుట్టును మఱియొక పొర పూయును. వాలు కావలెనన్న నక్షరము నడుగుపట్టి ప్రక్కకుఁ ద్రోయును. ఖర్చు లేదు. అచ్చుకూటములవారు సంతోషించిరి. దుకాణదారులును సంతోషించిరి.

ఇచ్చటనే చదువరికి నష్టము. తెలుఁగక్షరములలోఁ గొన్నింటికిఁ గొన్నింటికి భేదము రవ్వంత. ద ధ లకు, డ ఢ లకు, ప ఫ లకు నడుమనున్నది క్రింది చిన్నగీఁత. ర ఠ లకు నడుమనున్నది ఒక చుక్క. థ కారమునకును ధ కారమునకును నడుమ నున్నదియు నా చుక్కయే. యంత్రము పొరపూసి లావు చేసినప్పుడు గర్భము పూడుకొని చుక్క దానిలోఁ గలిసిపోవును. ‘కథ’ యని వ్రాయవలసినచోట ‘కధ’ యని వ్రాయుచున్న పిల్లలను ఉపాధ్యాయులు దండించుచున్నారు. ఆ తప్పునకుఁ గారణములు పెక్కు గలవు, ఉచ్చారణ ముఖ్యమైనది. అయిన నింటిగోడమీఁది ప్రకటనలో, పుస్తకపు టట్టమీఁద, చుక్క పూడిపోయిన ‘కథ’నే నిత్యము చూచుచున్న బాలిక కన్ను దేనిని నేర్చుకొనును? మ కారమునకును ‘వు’ అను దానికిని నడుమనున్న భేదము గూడ నిట్టిదే. పెద్దవారము మనము సందర్భమునుబట్టి చదివికొందుము. సందర్భముతోఁ జదువుట చదువు వచ్చినవాని విద్య. నలువదవయేట రాత్రిబడిలోఁ జేరి యక్షరములు కూడబలుకుకొను తల్లి కా విద్య యింకను రాలేదు. ఆమె మొదట చదువఁబోవునది పుస్తకము కాదు. బస్సుమీఁది యూరి పేరు, సబ్బుపొట్లముమీఁది పేరు, మందుచీటి. అన్నియు శీర్షికాక్షరములే! పండితుఁడు చదువు సన్నయక్షరములు శ్రద్ధగాఁ దీర్చఁబడి, చదువు రానివారికి ముందెదురగు పెద్దయక్షరములు యంత్రమునకు వదలఁబడుట న్యాయము కాదు.

లావుకంటె వాలు హెచ్చు కీడు. ఇంగ్లీషక్షరము చాలవఱకు నొకే గీఁతమీఁద నిలుచును. కొన్ని తోఁకలు క్రిందికిఁ బోవును. తెలుఁగుమాట మూఁడంతస్తుల యిల్లు. పైని గుడి, ఏత్వము, తలకట్టు, నడుమ నక్షరపు గర్భము, క్రింద వత్తు. ఆధారరేఖను గదలకుండ నుంచి కుడికిఁ ద్రోసినప్పుడు పైయంతస్తు కుడికిఁ బోవును, క్రిందియంతస్తు ఎడమకుఁ బోవును. మరల ‘చేబ్రోలు’ అను మాటనే తీసికొందము. బకారముపై నున్న ఓత్వము లకారముమీఁదికిఁ జేరఁబోవును. బకారము క్రిందనుండి స్వభావముచేతనే యెడమవైపునకు సాఁగియుండు రవత్తు మఱింత యెడమకు జరిగి చకారము పాదములకడఁ బడును. ఇఁక ‘స్త్రీ’ యను నక్షరమును వాల్చి చూచినచో క్రింద రెండువత్తు లొకప్రక్కకు, పై గుడి మఱియొకప్రక్కకుఁ బోయి, నడుమ సకారము తన వారెవ్వరో తెలియక నిలుచుండును. ఇది గాక తలకట్టు స్వయముగనే కుడికి వాలి లేచు గీఁత. వాలినదానిని మరల వాల్చినచో నది పండుకొనును.

అయినచోఁ దెలుఁగునకుఁ దనదియైన వాలక్షరము లేదా? కలదు, కాని మన మెఱుఁగనిచోట నున్నది. ఆల్డసుని వాలక్షరము త్వరితలేఖనమునుండి పుట్టినదని చెప్పితినిగదా. మన త్వరితలేఖనము గొలుసుకట్టు. గ్రామకరణములు లెక్కలలో వాడిన యీ వ్రాఁతయందుఁ గల మెత్తక, అక్షరము నక్షరమునకు ముడివేసి, తలకట్టులను దాఁటించుచుఁ బోవుదురు. ఆ వంపులు నిజముగా నందమైనవి. దానినుండి యొక టైపు పుట్టియుండవలసినది, పుట్టలేదు. కారణ మూహించుట కష్టము కాదు. గొలుసుకట్టు చదువుటకు రైతునకు రాదు. తన భూమి కొలతయేమో, తానిచ్చిన శిస్తు జమకట్టఁబడినదో లేదో కరణము చదివి చెప్పినదే వేదము. 1984లో ఆంధ్రప్రదేశమునఁ గరణముల యుద్యోగము రద్దయిన తరువాత నా వ్రాఁతయు మూలఁబడినది. ఒక లిపి యందఱికిఁ దెలియకుండుటయే కొందఱి కధికారమైనప్పుడు, దాని యందమునుగూర్చి విచారించువారు గూడ దానికై కన్నీరు పెట్టరు.

వాలక్షరము లేకున్న నొక మాటను నొక్కి చెప్పుట యెట్లని కొంద ఱడుగుదురు. ఇంగ్లీషువాఁడు మాటను వాల్చి చెప్పుపనిని తెలుఁగువాఁడు ఒక్క ఏకారముతోఁ జేయును. ‘అతఁడు వచ్చెను’ అనుటకును ‘అతఁడే వచ్చెను’ అనుటకును గల భేదము చెవికే తెలియును. కంటికి వేఱుగఁ జూపనక్కఱలేదు. మాటను రెండుమార్లు పలుకుట మఱియొక యుపాయము. ఇంగ్లీషు పుస్తకములను మాటకు మాట తెనిఁగించువారు మూలములో వాలియున్న మాటనెల్ల తెలుఁగునను వాల్చి, అది చాలక ఏకారమును గూడఁ జేర్చుచున్నారు. రెండుమార్లు అఱచినట్లుండును.

ఇటీవల కొన్ని మంచిపనులు జరిగినవి. కాలిఫోర్నియాలోని తెలుఁగువారి సంస్థ సిలికానాంధ్ర వెలువరించిన ఖతులలోఁ గొన్ని శీర్షికలకనియే చేయఁబడినవి. వానిలోఁ బురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిన ‘రామభద్ర’ మిక్కిలి బొద్దైనది; గుండ్రదనము చెడక, గర్భము పూడక నిలుచును. ‘తెనాలి రామకృష్ణ’ కొనలు కోసినట్లుండి గీఁత లావుసన్నములు గలది. ఇవి రెండును రాయలకాలపుఁ గవుల పేళ్లు. రెండవవాని యూరు చేబ్రోలికి సమీపముననే యున్నది. ఎవ్వరైన నుచితముగ వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును అను స్వేచ్ఛానుమతితో నివి విడుదలయైనవి. ఒకప్పుడు టైపుజట్టును గొనలేని చిన్న యచ్చుకూటమువాని బీదతనము దీనితోఁ దీఱినదనవచ్చును.

వీనికి దగ్గఱగనే ‘హింద్ గుంటూరు’ అను ఖతి గలదు. ఇండియన్ టైప్ ఫౌండ్రీ యను సంస్థవారు భారతదేశపు లిపులకు వరుసగాఁ జేసిన హింద్ కుటుంబములోఁ దెలుఁగుశాఖకు గుంటూరు పేరు పెట్టిరి. సమరేఖల ఖతి, ఫోనులయందును తెరలయందును చిన్న యక్షరములు చదువుటకు నుద్దేశింపఁబడినది. దానికి సన్నమునుండి బొద్దువఱకు నైదు మందములు గలవు. ప్రతి మందమునకును వేఱు రూపము గలదు. లావుదానిలో వత్తు తగ్గి, చుక్క చుట్టును ఖాళీ పెరిగి, తలకట్టు తన చోటు తాను వెదకికొన్నది. యంత్రము పొరపూసిన లావును, దీని లావును ప్రక్కప్రక్కల నుంచి ‘కథ’ యను మాటను జదివి చూచినవారికి భేదము తెలియును. పాదరేఖ లేకుండుట, బొద్దుగా నుండుట అను రెండు గుణములు దీనికి నచ్చినవి. మూఁడవదగు వాలు మాత్రము దీనికి లేదు. ఆ యైదు రూపములును నిటారుగనే నిలిచినవి.